నాలుగు ఇత్తడి పట్టీలు

ఆ వానాకాలమంతా నేను భయపడుతూనే బతికాను. ఎవరైనా మామూలుగా "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అని పలకరించినా చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఆయనకేమండీ, దివ్యంగా ఉన్నారు" అని అవసరానికి మించి గట్టిగా చెప్పేదాన్ని. అంత గట్టిగా ఎందుకు చెప్పాను, అనుమానం వచ్చిందేమో అని ఇంటికి చేరేదాకా అదే గొడవ.

మా నాన్న పని వినడం. నవ్వకండి, నిజంగానే. ఖరీదైన స్పీకర్లు అమ్మే కొట్లో పాతికేళ్ళుగా ఒకే కుర్చీలో కూచుని విన్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళకి డబ్బుంటుంది, తేల్చుకునే ధైర్యం ఉండదు. ఇంచుమించు ఒకే ధరలో మూడు నాలుగు జతలు వరసగా నిలబెట్టి ఉంటే ఏది తీసుకోవాలో తెలియక బుర్ర గోక్కుంటారు. "ధరలో తేడా ఉంటే జేబు చెబుతుంది. ధర ఒకటే అయితే చెవి చెప్పాలి" అనేవాడు నాన్న. ఒక జతలో గొంతు బాగుంటుంది, ఇంకో జతలో డ్రమ్ము బాగుంటుంది, మరో జత మొదటి పది నిమిషాలు మురిపించి అరగంటకల్లా తలనొప్పి తెప్పిస్తుంది. ఆ అరగంట సంగతిని పది నిమిషాల్లో పట్టేసేవాడు మా నాన్న. ఆయన "ఇది తీసుకెళ్ళండి" అన్నాక ఇక రెండో మాట ఉండేది కాదు.

నేను తెర వెనక మనిషిని. పదేళ్ళుగా నా ఉద్యోగం అదే. కిటికీలు లేని గది, గోడలకి మందపాటి మెత్తలు, ఒక చివర నల్ల తెర, రెండో చివర నాన్న కుర్చీ. పెట్టె అందం కంటపడితే చెవి మోసపోతుంది, అందుకని తెర. దాని వెనక నేను ఒక జతకి తీగలు విప్పి ఇంకో జతకి బిగించి "ఒకటి", "రెండు" అని నంబరు పలకాలి. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటుంది, మోత సమానం చెయ్యడం. రెండు జతల్లో కాస్త గట్టిగా మోగేదే ఎవరికైనా బాగున్నట్టు అనిపిస్తుంది. సంతలో గట్టిగా అరిచినవాడి సరుకే మంచిదనుకుంటాం చూడండి, అలా. అందుకని ముందు "ష్" అనే మోత పెట్టి, కుర్చీ దగ్గర చెవి ఎత్తులో సౌండు మీటరు నిలబెట్టి, ఏ జతకి నాబ్ ఎక్కడిదాకా తిప్పితే ఒకే అంకె వస్తుందో చీటీ మీద రాసుకోవాలి. ఇది చెయ్యకుండా పోల్చి చూడటం తక్కెడ లేకుండా బంగారం కొన్నట్టేనని నాన్న నాకు మొదటిరోజే చెప్పాడు.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. మొదటి వారంలో పళ్ళ డాక్టరు మూడోసారి వచ్చాడు. మూడు జతల మధ్య రెండు నెలలుగా ఊగుతున్న మనిషి ఆయన.

"రెండింటికి ఒకాయన దవడ పన్ను పీకాలి. అరగంటలో తేల్చేయండి గురువుగారూ" అంటూనే వచ్చి కూచున్నాడు.

మళ్ళీ మోత సమానం చేసే వ్యవధి లేదని నేను పాత చీటీలే వాడాను. అది నా మొదటి తప్పు. రెండోది అంతకంటే పెద్దది. ఆ రకం పెట్టెల వెనక రెండు జతల మరలు ఉంటాయి. కిందివి పెద్ద స్పీకరుకి, పైవి ట్వీటరుకి, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరుకి. కింది మరల్నీ పై మరల్నీ కలుపుతూ ఒక్కో పెట్టెకి వేలెడు పొడవు ఇత్తడి పట్టీలు రెండు బిగించి ఉంటాయి. పైకీ కిందికీ వేరువేరు తీగలు లాగించుకుని వినే చాదస్తులు కొందరుంటారు, వాళ్ళొస్తే పట్టీలు విప్పెయ్యాలి. ముందురోజు అలాంటివాడొకడు వచ్చాడు. మూడో నంబరు జతకి నాలుగు పట్టీలూ విప్పి నా కోటు జేబులో వేసుకున్నాను. తిరిగి బిగించడం మరిచిపోయాను. తీగలు మాత్రం కింది మరలకి తగిలించాను. అంటే ఆ రోజు మూడో నంబరులో ట్వీటరు మూగది. పెట్టెల వెనక ఉన్నవాళ్ళకి సన్నని శబ్దాలు ఎలాగూ సరిగ్గా చేరవు, అందుకని నాకు తెలియలేదు. ఎదురుగా కూచున్నవాళ్ళకి తెలియాలి.

"మూడు" అన్నాను. పాట నడిచింది.

"ఆహా. ఇది హాయిగా ఉంది గురువుగారూ" అన్నాడు డాక్టరు.

"దీనికి వంక పెట్టలేం. ఒకటోది గాజుముక్కలా గీరుతోంది. రెండోది ఫరవాలేదు. ఇదయితే పాలమీగడే. రోజంతా విన్నా చెవి అలిసిపోదు. ఇదే తీసుకెళ్ళండి" అన్నాడు నాన్న.

డాక్టరు సంతోషంగా పన్ను పీకడానికి వెళ్ళిపోయాడు. నేను చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. రుమాలుతోపాటు నాలుగు పట్టీలూ చేతిలోకొచ్చాయి. పై ప్రాణాలు పైనే పోయాయంటారే, అలా అయింది. రోజంతా చెవి పక్కన డ్రిల్లు గీపెట్టే డాక్టరుకి సన్నని శబ్దాలు పోతే హాయిగానే ఉంటుంది, ఆయన సంగతి సరే. మా నాన్నకి ఏమైంది? సగం స్పీకరు మూగబోతే పాలమీగడ అన్నాడేమిటి?

తెర సందులోంచి చూశాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. చప్పుడు కాకుండా పట్టీలు బిగించేసి, ఆ జతని డాక్టరు ఇంటికి పంపడానికి అట్టపెట్టెల్లో సర్దేశాను.

ఇంటికొచ్చాక నా మనసు కుదురుగా ఉండలేదు. మా ఫ్రిజ్జు తలుపు తెరిచి ఉంచితే అర నిమిషానికి సన్నగా కీచుమని మొదలుపెడుతుంది. మర్నాడు పొద్దున నాన్న దాని పక్కనే బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. నేను మంచినీళ్ళ సీసా తీసుకుని తలుపు అలాగే వదిలేసి నిలబడ్డాను. కీచుమంది. నాన్న పేపరు తిప్పాడు. మళ్ళీ కీచుమంది. టీ తాగాడు. ఒకప్పుడు కిటికీ లేని గదిలో కూచుని "బయట చినుకులు మొదలయ్యాయి, బట్టలు ఆరేసుకున్నవాళ్ళుంటే వెళ్ళండి" అని చెప్పిన మనిషి. మూరెడు దూరంలో ఫ్రిజ్జు మొత్తుకుంటుంటే ఆటల పేజీ చదువుకుంటున్నాడు. నాకు ఒళ్ళంతా చల్లబడింది, ఫ్రిజ్జు వల్ల కాదు.

అమ్మ వంటగదిలోంచి వచ్చి తలుపు ఠపీమని వేసింది. "ఇద్దరూ ఇక్కడే ఉండి ఇదేం పని? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు..." అని, మాట మధ్యలో ఆపేసి నాలుక కరుచుకుంది.

నాన్న తల ఎత్తలేదు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ కొంగు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను.

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు దాటింది."

"నాన్నకి తెలుసా?"

"ఆయనకి తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియదు. ఇప్పుడు నీకు తెలుసని కూడా తెలియకూడదు."

"చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడా?"

"ఆయనే వెళ్ళొచ్చారు, నాకు చెప్పకుండా. చొక్కా ఉతకబోతే జేబులో కాగితం దొరికింది. వయసుతో వచ్చేదేనట, పైనుంచి కిందికి మెల్లగా పోతుందట. మాటలు బాగానే వినపడతాయి. ఈ కీచులూ, చినుకులూ, పిట్టలూ, ఇవన్నీ పోయాయి."

"మరి కొట్లో ఎలా నెట్టుకొస్తున్నాడమ్మా?"

"నన్నడుగుతావేం? పక్కనే ఉండేదానివి నువ్వు" అంది అమ్మ. అని, గిన్నె తోమడం మొదలుపెట్టింది. తోమిందే తోమింది.

పక్కనే ఉండేదాన్నే. కానీ నాకూ ఆయనకీ మధ్య తెర. ఆ వారమంతా సందులోంచి చూశాను. చూసేకొద్దీ భయం ఎక్కువైంది. ఒకప్పుడు దీపాలు తగ్గించి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఇప్పుడు దీపాలన్నీ వెలిగే ఉంటున్నాయి. కుర్చీ కొంచెం పక్కకి జరిగింది. నాన్న కళ్ళు తెరిచి, కొనడానికి వచ్చినవాడి మొహం చూస్తున్నాడు. కనుబొమ్మ ముడిపడిందా, పాదం తాళం వేసిందా, కుర్చీ అంచుకి జరిగాడా, వెనక్కి వాలాడా. ఆ మనిషికి ఏది నచ్చిందో అతనికంటే ముందు కనిపెట్టి, పాత అనుభవంలోంచి రెండు మంచి మాటలు తీసి, అదే చెప్పేవాడు. డాక్టరు మొహం విచ్చుకుంటేనే పాలమీగడ వచ్చిందన్నమాట. అందరూ "నా మనసులో మాట చెప్పారండీ" అని మురిసిపోతూ పోతున్నారు. చెప్పరూ మరి, మనసులోంచే తీసి ఇస్తుంటే.

మోసమని అనాలనిపించలేదు నాకు. ఏడుపొచ్చింది. ఎవరూ పక్కన లేకుండా, ఏ మొహమూ కనపడకుండా ఆయన ఒక్కడూ వినాల్సొస్తే ఏమవుతుందన్నదే నా భయం. భయపడినవాడికే తాడు పామవుతుందంటారు. నాకు పామే వచ్చింది.

మా కొట్టు యజమాని ఆరడుగుల పైన ఇంకో జానెడుంటాడు. వెనకాల అందరం పొడుగాయన అంటాం. ఒకరోజు ఆయన ఇంకొకతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో మైకు, భుజాన లాప్‌టాప్ సంచి. స్పీకర్లని యంత్రంతో కొలిచి పత్రికల్లో రాస్తాడట. నేను మనసులోనే కొలతలాయన అని పేరు పెట్టేశాను.

"ఈ సీజన్ ఆఖర్న మన దగ్గర పెద్ద పోటీ పెడుతున్నాం అన్నగారూ" అన్నాడు పొడుగాయన. "ఒకే ధరలో నాలుగు కొత్త జతలు, ఇంకా ఎవరూ విననివి. ముప్ఫైమందిని పిలుస్తున్నాను. మీరు ముందు కుర్చీలో, వాళ్ళంతా మీ వెనక వరసల్లో. మీరు విని చెప్పాలి, ఈయన కొలిచి చెప్పాలి. చూద్దాం, చెవి గెలుస్తుందో మైకు గెలుస్తుందో."

"నాకు చెవి మీద నమ్మకం లేదు సార్, ఏమనుకోకండి" అన్నాడు కొలతలాయన వినయంగానే. "నాలుగు జతల్ని అయిదుసార్లు వినిపిస్తాం. అంటే ఒక జత రెండుసార్లు వస్తుంది. ఏది మళ్ళీ వచ్చిందో కూడా చెప్పాలి. మైకు అయితే చెప్పేస్తుంది. మైకు అబద్ధమాడదు."

"ఆడదు బాబూ. కానీ అది ఇంటికెళ్ళి పాట వినదు కదా" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. నాన్న ఒప్పుకోడని, ఏదో వంక చెబుతాడని నేను దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. "సరే, పెట్టండి" అన్నాడు.

పోతూ పోతూ పొడుగాయన తెర దగ్గర ఆగి నాతో నవ్వుతూ అన్నాడు. "తేడా వచ్చిందంటే ఆ కుర్చీ తీసేసి మైకు స్టాండు పెట్టేస్తానమ్మాయ్. దానికి టీ కూడా ఇవ్వక్కర్లేదు." నవ్వుతూ అన్న మాట నవ్వులాట కాదని నాకు తెలుసు. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు.

పోటీకి పదిరోజులుందనగా పళ్ళ డాక్టరు ఫోను. కొట్లో విన్న హాయి ఇంట్లో లేదట. బుస్సుమంటోందట. గురువుగారొకసారి వచ్చి వినాలట. ఎందుకు బుస్సుమంటోందో ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పట్టీలు బిగించి పంపాను కనక ఇప్పుడది సరిగ్గా పలుకుతోంది.

డాక్టరు ఇంటి హాలు చూడముచ్చటగా ఉంది. అటు అద్దాలు, ఇటు అద్దాలు, నేలంతా నున్నటి రాయి. డాక్టరు భార్య కూడా వచ్చి కూచుంది. పాట పెట్టారు. నాన్న డాక్టరు మొహం చూశాడు. ఆయన మొహం చిట్లించాడు. నాన్న ఆవిడ మొహం చూశాడు. ఆవిడ హాయిగా తల ఊపుతోంది. ఒకే పాటకి రెండు మొహాలు. నాన్న ఏ మొహాన్ని నమ్మాలో తెలియక ఆగిపోవడం నేను చూశాను. ఆయన వేళ్ళు కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకున్నాయి.

"నాకేం తేడా లేదండీ, చక్కగా ఉంది" అంది ఆవిడ. "ఆ రోజు కొట్లో ఈయన ఏం విన్నారో మరి."

"నేనొక్కణ్ణేనా, గురువుగారూ విన్నారు" అన్నాడు డాక్టరు.

నాన్న లేచి గది మధ్యలోకెళ్ళి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. అద్దాలకేసి చూశాడు, నేలకేసి చూశాడు. "గది మారితే గొంతు మారుతుంది డాక్టరుగారూ. ఇన్ని అద్దాలూ ఇంత రాయీ ఉంటే శబ్దం బంతిలా ఎగురుతుంది. ఆ అద్దానికి దళసరి పరదా వేయించండి, ఇక్కడ పెద్ద తివాచీ పరవండి. వారం చూసి అప్పుడు చెప్పండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. డాక్టరు వెంటనే భార్యతో తివాచీ రంగు గురించి గొడవకి దిగాడు. మేం బయటపడ్డాం.

బస్సులో పక్కపక్కన కూచున్నాం. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. రెండు స్టాపులు దాటాక నాన్న అడిగాడు.

"ఆ రోజు మూడో నంబరుకి పట్టీలు వేశావా అమ్మలూ?"

"వేశాను నాన్నా."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. నాన్న నాకేసి చూడలేదు. "సరే" అన్నాడు. నమ్మాడు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ పదిరోజుల్లో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, చెబితే సిగ్గు. దగ్గడం ప్రాక్టీసు చేశాను. అయిదింట్లో ఏ జత మళ్ళీ వచ్చిందో నాకు తెలుస్తుంది, తీగలు మార్చేది నేనే కనక. అప్పుడొక పొడిదగ్గు దగ్గుతాను. బాగున్నదానికి రెండు దగ్గులు. నాన్నకి విషయం చెప్పకుండానే అర్థమైపోతుందని నా ఆశ. అమ్మ రెండురోజులు చూసి మిరియాల కషాయం కాచి తెచ్చింది. అప్పుడు అసలు సంగతి చెప్పక తప్పలేదు.

"పాతికేళ్ళ పరువుని నీ దగ్గు మీద నిలబెడతావా?" అంది అమ్మ.

"మరేం చెయ్యమంటావు?"

"నాకూ భయంగానే ఉందే" అంది. అమ్మ భయమని అనడం నేను అదే మొదటిసారి వినడం. కషాయం ఇద్దరం చెరిసగం తాగాం.

పోటీ రోజు పొద్దున్నుంచీ వాన. అయినా ముప్ఫై కుర్చీలూ నిండిపోయాయి, తడిసిన గొడుగులన్నీ గుమ్మంలో. పళ్ళ డాక్టరు రెండో వరసలో కూచుని అందరికీ తన తివాచీ సంగతి చెబుతున్నాడు. ముందు నాన్న కుర్చీ, దాని పక్కన చెవి ఎత్తులో కొలతలాయన మైకు. అంతకుముందే మీటరు పెట్టి నాలుగు జతలకీ మోత సమానం చేసి చీటీలు రాసిపెట్టాను. గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది.

పొడుగాయన నాలుగు మాటలు మాట్లాడి "రండి అన్నగారూ" అన్నాడు. సందులోంచి చూశాను. నాన్న కుర్చీ దాకా వచ్చాడు, దాని వీపు మీద చెయ్యి వేశాడు, కూచోలేదు.

"పాతికేళ్ళు నేను విన్నాను. ఇవాళ తీగలు నేను మారుస్తాను. మా అమ్మాయి వింటుంది" అన్నాడు.

"అదేంటండీ, చెప్పాపెట్టకుండా?" అన్నాడు పొడుగాయన. గొంతులో నవ్వు లేదు.

"పదేళ్ళుగా ఇక్కడ మోత సమానం చేస్తున్న చెవి అది. తెర వెనకుంది కనక మీకెవరికీ కనపడలేదు" అని, తెర తొలగించి లోపలికొచ్చేశాడు. నా చేతిలో స్పానరు తీసుకున్నాడు. "వెళ్ళి కూచో అమ్మలూ. విన్నది చెప్పు" అన్నాడు. అంతే. నేను ఏదో అనబోయి నిజంగానే దగ్గాను.

ఆ కుర్చీలో కూచోవడం నాకదే మొదటిసారి. చెక్క చేతుల మీద నాన్న వేళ్ళు ఆనే చోట రంగు పోయి నున్నగా ఉంది. వెనక ముప్ఫైమంది ఊపిరి. పక్కన మైకు. ముందు నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పదేళ్ళు తెర వెనక కుక్కిన పేనులా పడి ఉన్నదాన్ని, ఒక్కసారి వెలుతుర్లో కూచోబెడితే ఎలా ఉంటుంది?

"ఒకటి" అంది నాన్న గొంతు. ఒక ఆడగొంతు, వెనక వయోలిన్, పాట ఆఖర్న ఎక్కడో దూరంగా చిన్న గంట. గొంతు బాగుంది, వయోలిన్ కాస్త వెనక్కి పోయింది. "రెండు." గొంతు ముక్కుతో పాడినట్టుంది, అదే మాట చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"మూడు."

పాట మొదలైన అరక్షణానికే నేను ముందుకి వంగాను. ఎవరో దుప్పటి కప్పినట్టుంది. పాట అయిపోయింది. గంట రాలేదు. నాకు అర్థమైపోయింది. పట్టీలు లేవు. పొద్దున నేనే చేత్తో తడిమి చూసుకున్న పట్టీలు, వేరే తీగల కోసం అడిగినవాడెవడూ లేకుండానే ఊడాయి. లేక నాన్న తీగలు కడుతూ కంగార్లో ఏదైనా విప్పి మళ్ళీ బిగించలేదా? బిగించలేదన్న సంగతి ఆయన చెవికి తెలియదుగా.

కొలతలాయన లాప్‌టాప్‌లో గీత చూసి కనుబొమ్మలు ఎత్తాడు. అంటే ఆయనకి దొరికిపోయింది. నేను చెబితే, పాతికేళ్ళ ఉద్దండుడు సగం స్పీకరు మూగబోయిందని కూడా తెలుసుకోలేకపోయాడని ముప్ఫైమంది ఎదుట నా నోటితో చెప్పినట్టు. చెప్పకపోతే నాకూ వినపడదన్నమాట, మైకు గెలిచినట్టు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఊఁ, చెప్పమ్మాయ్" అన్నాడు పొడుగాయన.

విన్నది చెప్పు, అన్నాడు నాన్న. నేను మెల్లగా చెప్పాను. "మూడోది సగమే పలుకుతోంది. ట్వీటరు మూగగా ఉంది. ఆఖర్న గంట వినపడలేదు."

తెరకేసి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని వాటినే చూస్తున్నాను.

"పట్టీలు తీసేశాను" అంది తెర వెనకనుంచి నాన్న గొంతు, తాపీగా. "ఎవరికైనా వినపడుతుందేమో చూద్దామని."

అప్పుడు నవ్వులు, చప్పట్లు. "నాకూ అదే వచ్చింది సార్" అని కొలతలాయన లాప్‌టాప్ అందరి వైపూ తిప్పాడు. పళ్ళ డాక్టరు మాత్రం పక్కవాణ్ణి "గంటా? ఏ గంట?" అని అడుగుతున్నాడు. ఆ తర్వాత పట్టీలు బిగించి మూడోది మళ్ళీ వినిపించారు, నాలుగోది వినిపించారు, అయిదోది వినిపించారు. అయిదోదీ ఒకటోదీ ఒకటే అన్నాను. నాలుగోది తీసుకోమన్నాను. నాలుగోది ఎందుకో అరగంట చెప్పానట, నాకు గుర్తులేదు.

అందరూ గొడుగులు వెతుక్కుని వెళ్ళిపోయాక తెర వెనక్కి వెళ్ళాను. నాన్న తీగలు చుట్టి పెడుతున్నాడు, నేను చుట్టినంత పొందిగ్గా కాదు.

"నిజంగా కావాలనే తీశావా నాన్నా?"

"కావాలనే."

"నేను చెప్పకుండా ఊరుకుని ఉంటే?"

"రేపట్నుంచి కుర్చీలో మైకే ఉండేది. తండ్రిని కాపాడే చెవి కొనేవాడికి పనికిరాదమ్మా" అన్నాడు. తీగ ముడి విప్పుతూ, నాకేసి చూడకుండానే మళ్ళీ అన్నాడు. "బస్సులో 'వేశాను నాన్నా' అన్నావు చూడు. అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు కిందకి దిగుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. కింది శబ్దాలు నాకింకా బాగానే వినపడతాయి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆపమనలేదు. తీగలు రెండూ చుట్టడం అయ్యేదాకా పక్కన నిలబడి, "పద, మీ అమ్మ భయపడుతూ కూచుని ఉంటుంది" అన్నాడు.

మర్నాటి నుంచి నేను కుర్చీలోకి, నాన్న తెర వెనక్కి. మోత సమానం చెయ్యకుండా ఒక్కరోజు కూడా పాట పెట్టనివ్వడు. భయం పోయిందా అంటే పోలేదు, చోటు మారింది. పైనుంచి కిందికి మెల్లగా పోతుందని అమ్మ చెప్పిన మాట నా చెవులకి కూడా వర్తించేదే. రోజూ పొద్దున మంచినీళ్ళ సీసా తీసి ఫ్రిజ్జు తలుపు వదిలేసి నిలబడతాను. అర నిమిషం. కీచుమంటుంది. తలుపు వేస్తాను.

"వినపడిందా?" అంటాడు నాన్న పేపర్లోంచి.

"వినపడింది నాన్నా" అంటాను.

నా గొంతు కిందకి దిగిందేమోనని ఒక్క క్షణం విని, ఆయన ఆటల పేజీ తిప్పుతాడు.